బతికున్న తల్లికి తద్దినం

మేజర్ గిల్‌కి లోకంలో రెండే విషయాల మీద గురి. ఒకటి తన మీసం. రెండోది, దేశం రెండుగా చీలి కొట్టుకుంటున్న ఆ రోజుల్లో ఉత్తరాన్నుంచి వచ్చిన ప్రతివాడూ గూఢచారే అన్న సిద్ధాంతం. ఆ మీసాన్ని చూసి నక్తోంగ్ నది ఒడ్డున శత్రువు ట్యాంకులు మూడు వెనక్కి తిరిగిపోయాయని ఆయనే చెబుతుండేవాడు. నిజమో కాదో ఆ ట్యాంకుల్లోవాళ్ళని అడుగుదామంటే వాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి ఆ కథ అలాగే చెలామణీ అయిపోయింది.

ఆ ఉదయం విమానాల షెడ్డులో ఆయన మీసం మెలేస్తూ నిలబడి ఉంటే, ఆయన బూట్ల పక్కనే ఇన్‌స్పెక్టర్ ప్యో తేగన్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ప్యో మొహానికి జానెడు ఎత్తులో శత్రువు జెట్ విమానం ముక్కు. గుమ్మం దగ్గర అమెరికన్ కాపలావాడు చూయింగ్ గమ్ బంక నములుతూ ఈ ఇద్దరినీ వింతగా చూస్తున్నాడు.

మూడు రోజుల కిందట ఆ విమానం దక్షిణాన మన విమానాల మైదానంలో తప్పు దిక్కునుంచి దిగింది. అందులోంచి ఇరవై మూడేళ్ళ కుర్రాడొకడు దిగి రెండు చేతులూ పైకెత్తాడు. పేరు లెఫ్టినెంట్ బోంగ్ ఇల్గ్యూ అన్నాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి నిరుడు బాంబుల్లో పోయింది, తోబుట్టువులు లేరు, అక్కడ తనకోసం ఏడ్చేవాళ్ళెవరూ లేరు అన్నాడు. ఎవరడిగినా ఒక్క పొల్లు పోకుండా అదే చెప్పాడు. ప్యోకి మొదటి అనుమానం అక్కడే వచ్చింది. నిజం చెప్పేవాడు అప్పుడప్పుడూ తడబడతాడు.

"ఇంకా ఎంతసేపయ్యా?" అన్నాడు గిల్. "కోళ్ళ దొంగల్ని పట్టుకునేటప్పుడు కూడా ఇలాగే గూట్లో దూరి పడుకునేవాడివా?"

"కోళ్ళు నయం మేజర్ గారూ. అడిగితే కూస్తాయి." ప్యో వేలితో తుపాకీ గొట్టాలు తడిమి చూసుకున్నాడు. "మూడు గొట్టాలూ మసిబారి ఉన్నాయి."

"యుద్ధ విమానం. మసి కాక అత్తరు ఉంటుందా?"

"మందుగుండు పెట్టెల్లో ఒక్క గుండు కూడా మిగల్చలేదు. ఆ రోజు మనవైపు విమానాలు ఎన్ని కూలాయి?"

"ఒక్కటీ లేదు."

"ఇతని విమానానికి ఎన్ని చిల్లులు పడ్డాయి?"

గిల్ మీసం మీదనుంచి చెయ్యి తీశాడు. "చిల్లులూ లేవు."

"అంటే ఉన్న గుండ్లన్నీ మబ్బుల మీద కాల్చాడు." ప్యో పాక్కుంటూ బయటికి వచ్చి చొక్కా దులుపుకున్నాడు. నిచ్చెనెక్కి పైలట్ కూర్చునేచోట తల దూర్చాడు. లోపల రేడియో చక్కగా ఉంది. తీగ తెగలేదు, మీట విరగలేదు. "మన వినికిడి గుడారంవాళ్ళు ఆ రోజు శత్రు పైలట్ల రేడియో మాటలు విన్నారు కదా. ఇతను ఆఖరున ఏమన్నాడు?"

"తగిలింది, మంటలంటుకున్నాయి, సముద్రంలో పడిపోతున్నా అన్నాడట. తర్వాత చడీచప్పుడూ లేదు." గిల్ గొంతు పెంచాడు. "చూశావా మోసం? మంటా లేదు, మసీ లేదు."

"మసి ఉందిగా, ఇందాకే చెప్పాను." ప్యో కిందికి దిగాడు. "మోసమే. అయితే ఎవర్ని? మనం వింటున్నామని అతనికేం తెలుసు? ఆ మాట తన తోటివాళ్ళకి చెప్పాడు. తను చచ్చిపోయాడని వాళ్ళు నమ్మాలి."

"ఎందుకూ?"

"అది తెలిస్తే ఈపాటికి ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి."

గిల్ దగ్గరికి వచ్చి ప్యో చొక్కా బొత్తాం ఒకటి పట్టుకున్నాడు. కోపం వస్తే ఎదుటివాళ్ళ బొత్తాలు తిప్పడం ఆయన అలవాటు. "మధ్యాహ్నం పన్నెండుకి నేను రేడియోలో మాట్లాడాలి. అప్పటికి తేల్చు. వీరుడైతే పేరు, ఫోటో, పూలదండ. గూఢచారైతే గోడ, తుపాకీ. రెండింటికీ ప్రసంగాలు రాసి జేబులో పెట్టుకున్నా. నీ మాటని బట్టి ఏది తియ్యాలో అది తీస్తా."

"రెండూ ఒకే జేబులో పెట్టకండి," అన్నాడు ప్యో.

*

వంటవాణ్ణి బతిమాలి ప్యో ఒక పళ్ళెం సిద్ధం చేయించాడు. గిన్నెడు తెల్లన్నం, ముల్లంగి చారు, ఒక ఎండు చేప, నాలుగు ఎండు పళ్ళు, చిన్న కూజాలో బియ్యపు సారా, ఒక చెంచా. దారిలో గిల్ ఎదురై ఆ పళ్ళెం చూసి, "విచారణకా, పెళ్ళికా?" అని అడిగాడు. ప్యో చారు ఒలక్కుండా ముందుకి నడిచాడు.

కుర్రాణ్ణి ఉంచిన గది చిన్నది. ఒక చాప, ఒక పొట్టి బల్ల. ప్యో పళ్ళెం బల్ల పక్కన పెట్టి, చాప మీద చతికిలబడి, మోకాళ్ళు పట్టేశాయని కాసేపు మూలిగాడు.

"మీ అమ్మగారు పోయిన రోజు ఏదన్నావు బాబూ?"

"మూడో నెల, తొమ్మిదో నాడు."

"పాత లెక్కలోనేగా, చంద్రుడి లెక్క?"

"అవునండీ."

"మరి ఇవాళ ఏమిటి?"

కుర్రాడు లెక్కపెట్టుకున్నాడు. లెక్క పూర్తయ్యేసరికి అతని మొహంలో రంగు పోయింది.

జపానువాళ్ళనీ, రష్యావాళ్ళనీ, చివరికి ఆ బంక నమిలేవాణ్ణి కూడా అబద్ధపు తేదీతో మోసం చెయ్యవచ్చు. మన మనిషిని మాత్రం చెయ్యలేం. తల్లి పోయిన రోజు ఇదీ అని నోటితో అన్నాక, ఆ రోజు రాగానే పెద్దకొడుకు తద్దినం బల్ల వెయ్యాలి. కుర్రాడు నోటికొచ్చిన తేదీ చెప్పాడు. ఆ తేదీ ఇంత తొందరగా తన మీదికే నడిచొస్తుందని చూసుకోలేదు.

"రాత్రి పెట్టాల్సింది అనుకో," అన్నాడు ప్యో. "యుద్ధం కదా, పెద్దవాళ్ళు సర్దుకుంటారు. నిరుడు పోయిందంటే ఇదే మొదటి తద్దినం. ఒక్కగానొక్క కొడుకువి. నువ్వు పెట్టకపోతే ఆవిడ ఎవరి గుమ్మంలో నిలబడుతుంది? కానియ్. నేను గోడవైపు తిరుగుతాను, సిగ్గుపడకు."

తిరిగాడు గానీ, కిటికీ అద్దంలో అంతా కనబడుతూనే ఉంది.

కుర్రాడు చేతులు తుడుచుకుని బల్ల సర్దడం మొదలుపెట్టాడు. బల్లకి అవతల తల్లి కూర్చున్నట్టు ఊహించుకుని, ఆమె ఎడమచేతి వైపు అన్నం, కుడిచేతి వైపు చారు పెట్టాడు. అది బతికున్నవాళ్ళకి వడ్డించే తీరు. పోయినవాళ్ళకి ఆ రెండూ తారుమారు కావాలి. కుర్రాడికి ఆ సంగతి తెలియక కాదు. గిన్నెలు మార్చబోయాడు. చెయ్యి చారు గిన్నె మీద ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ ఆగింది. ఆ పని వదిలేసి చెంచా తీసుకున్నాడు. తద్దినంలో చెంచాని అన్నం మధ్యలో నిలువుగా గుచ్చాలి. బతికున్నవాళ్ళ అన్నంలో అలా గుచ్చితే పెద్దవాళ్ళు చెయ్యి విరగ్గొడతారు. చెంచా అన్నం మీదిదాకా వెళ్ళింది. అక్కడ గాలిలో వణుకుతూ ఉండిపోయింది.

"చాల్లే, కింద పెట్టెయ్," అన్నాడు ప్యో ఇటు తిరగకుండానే. "ఆ పాపం నీకొద్దు, చేయించిన పాపం నాకొద్దు."

చెంచా బల్ల మీద పడింది.

"ఎక్కడుంది మీ అమ్మ?"

ప్యో తొందరపెట్టలేదు. ఎండుపండు ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఊళ్ళోనే ఉంది," అన్నాడు కుర్రాడు చివరికి. "బాగానే ఉంది. ఉండాలి. నేను బోంగ్‌ని కాదండీ. నా పేరు సోక్ వాన్‌మో."

"బోంగ్ ఎవరు మరి?"

"నా జతగాడు. మేమిద్దరం పక్కపక్క విమానాలం. పోయిన నెల సముద్రంలో పడ్డాడు, శవం దొరకలేదు. వాడికి ఎవరూ లేరు. వాళ్ళమ్మ మావైపు హుంగ్నామ్ రేవులో శరణార్థుల్ని ఎక్కించుకునే మీ ఓడ ఎక్కబోయి నీళ్ళలో పడి పోయిందని చూసినవాళ్ళు చెప్పారు. ఎవరూ లేనివాడి పేరైతే ఎవరి మెడకీ చుట్టుకోదనుకున్నా."

"నీ పేరైతే చుట్టుకుంటుంది."

"అక్కడ నేను చచ్చిపోయానండీ. వీరుణ్ణి. పార్టీవాళ్ళు మా ఇంటికొచ్చి అమ్మ చేతిలో కాగితం పెట్టి, ఊరందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించి ఉంటారు. అమ్మ ఏడుస్తూ ఉంటుంది. ఏడవనివ్వండి. ఏడుస్తోందంటే బతికున్నట్టే కదా. నేను బతికున్నానని వాళ్ళకి తెలిసిన రోజున..." అతను ఆగి ఎండుచేప వైపు చూశాడు. "పోయినేడు ఒకడు పడవలో మీవైపు పారిపోయాడు. వాడి అమ్మానాన్నల్ని బడి వెనక్కి తీసుకెళ్ళారు. బడి పిల్లల్ని కూడా చూడ్డానికి పిలిచారు."

ప్యో నోట్లో పండు నమలడం ఆపేశాడు. "అంత తెలిసీ ఎందుకొచ్చావురా?"

"భయమేసింది. నలుగురం వెళ్తే ముగ్గురం వస్తున్నాం. రేపు నేనే ఆ నాలుగోవాణ్ణి అనిపించింది. మీరు ఇంకేదైనా గొప్ప కారణం రాసుకోండి. నాకు తెలిసింది ఇదే."

ఇన్నేళ్ళలో ప్యో ముందు ఎంతోమంది నేరాలు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక వాళ్ళకి బరువు దిగేది. ఈ కుర్రాడు మాత్రం తన బరువంతా తీసి ప్యో వీపు మీద పెట్టాడు. గూఢచారి కాదని తేలిపోయింది. ఎలా తేలిందో గిల్‌కి చెప్పడానికి వీల్లేదు. గిల్ చెవిన పడ్డ సంగతి సాయంత్రానికి బజార్లో దొరుకుతుంది.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. చెప్పులు వేసుకునేటప్పుడు కూడా నువ్వు బోంగ్‌వే."

*

"వీరుడు," అన్నాడు ప్యో గిల్ గదిలోకి వెళ్ళి. "తల్లికి తద్దినం పెట్టించి చూశాను. చెయ్యి వణికింది. గూఢచారికి చెయ్యి వణకదు."

"నీ విచారణ చారుతో మొదలై చెంచాతో ముగిసిందన్నమాట." గిల్ నవ్వి జేబులోంచి కాగితాలు తీశాడు. ఒకటి చూసి, అది కాదని ఇంకోటి తీశాడు. "మంచిది. పేరు, ఫోటో, పూలదండ."

"పేరు చాలు. ఫోటో వద్దు. విమానం మీది నంబరు కూడా రంగు పూసి కప్పించండి."

"ఎందుకూ?"

"శరణార్థుల్లో వాళ్ళ మనుషులెంతమంది కలిసిపోయి ఉన్నారో మీకు నేను చెప్పాలా? మొహం పత్రికల్లో పడితే రేపు బజార్లోనే కత్తి దిగుతుంది. చచ్చిన వీరుడితో మీకేం ఉపయోగం? ఏడాదిపాటు ఊరూరా తిప్పి మాట్లాడించుకోవద్దూ?"

గిల్ బొత్తాం కోసం చెయ్యి చాపాడు. ప్యో ముందే ఒకడుగు వెనక్కి వేసి ఉన్నాడు.

"ఏదో దాస్తున్నావు నువ్వు."

"నా వయసులో దాచుకోవడానికి మోకాళ్ళ నొప్పులు తప్ప ఏమున్నాయండీ. అయినా, ఎవడి మొహమో ఎందుకు? మీ గొంతు చాలదా?"

ఆ మాట పని చేసింది. గిల్ గొంతు సవరించుకున్నాడు. "సరే. పత్రికల్లో ఫోటో వెయ్యను. మాటిస్తున్నా."

మధ్యాహ్నం బజారు కూడలి దగ్గర కట్టిన లౌడ్‌స్పీకర్లలోంచి మేజర్ గిల్ గొంతు ఊరంతా మోగింది. బోంగ్ ఇల్గ్యూ అనే పేరు ఎన్నిసార్లు పలికాడో లెక్కలేదు. ప్రతిసారీ కొత్తగా కనిపెట్టినట్టు పలికాడు. ప్యో సైనికుల భోజనశాలలో కూర్చుని రెండు గిన్నెల అన్నం తిన్నాడు. ఆ కుర్రాడి బల్ల మీద ముట్టుకోకుండా మిగిలిపోయిన చారు కూడా తెప్పించుకుని తాగాడు. ఏ ఊరో తెలియని ఒక ముసలావిడ ఈ రాత్రికి క్షేమంగా ఏడుస్తుందని తృప్తిపడ్డాడు.

*

పొద్దు వాలకముందే వంటవాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "మీరిక్కడున్నారా. అక్కడ పండగలా ఉంది. ఆ పైలట్ వాళ్ళమ్మ వచ్చింది."

ప్యో లేచిన వేగానికి మోకాళ్ళు కూడా నొప్పి సంగతి మరిచిపోయాయి. "ఎవరమ్మ?"

"ఇల్గ్యూ అమ్మ. బజార్లో ఎండుచేపలమ్ముతుందట. లౌడ్‌స్పీకర్‌లో కొడుకు పేరు విని బుట్ట అక్కడే వదిలేసి వచ్చేసింది. హుంగ్నామ్‌లో నీళ్ళలో పడితే ఎవరో జుట్టు పట్టుకుని ఓడలోకి లాగారట. మేజర్ గారు పత్రికలవాళ్ళక్కూడా కబురంపారు."

పెద్ద హాల్లో అప్పటికే బెంచీలు పక్కకి జరిపేశారు. పత్రికలవాళ్ళు ఇద్దరు. అందులో ఒకడి చేతిలో పళ్ళెమంత దీపం బిగించిన కెమెరా. మధ్యలో గుప్పెడంత ముసలావిడ, తలకి తువ్వాలు చుట్టుకుని, తెల్లబట్టల్లో నిలబడి ఉంది. ఒంటిమీద చేపల వాసన. మాటిమాటికీ తువ్వాలు విప్పి జుట్టు సర్దుకుని మళ్ళీ చుట్టుకుంటోంది.

ప్యో గిల్‌ని పక్కకి లాగాడు. "ఫోటో వద్దనుకున్నాం కదా."

"అది పొద్దున. అప్పటికి వాడికి అమ్మ లేదు." గిల్ కళ్ళల్లో నిజంగానే తడి ఉంది. ఆయన చెడ్డవాడు కాడు. అదే చిక్కు. "ఆలోచించు ప్యో. పోయిందనుకుంటే నీళ్ళలోంచి తేలిన తల్లి, నింగిలోంచి దిగిన కొడుకు. నేను కల్పించినా ఇంత బాగా కల్పించలేను."

ఇతను ఆమె కొడుకు కాదని చెబితే, అయితే ఎవరని పత్రికలవాళ్ళు అడుగుతారు. చెప్పకపోతే, మరుక్షణం ఆ ముసలావిడే చెబుతుంది. ఎటు తిరిగినా ఉత్తరాన ఒక బడి వెనక గోడ కనబడింది.

తలుపు తెరుచుకుంది. ఇద్దరు సైనికుల మధ్య కుర్రాడు వచ్చాడు. ఎందుకు పిలిచారో అతనికెవరూ చెప్పలేదు.

"లెఫ్టినెంట్, ఎవరొచ్చారో చూడు," అన్నాడు గిల్. "మీ అమ్మ."

ఆ ఒక్క క్షణం కుర్రాడి మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది. తర్వాత అతను ఆమెను చూశాడు.

ముసలావిడ అతన్ని కాళ్ళనుంచి తలదాకా చూసింది. అతన్ని దాటి, తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. కాసేపు అటే చూసి, "ఇంకెవరైనా వస్తారా?" అని అడిగింది.

పత్రికలవాళ్ళు నవ్వారు. "ఇంకెవరు రావాలి అవ్వా? వచ్చాడుగా, చూసుకో."

కుర్రాడు మోకాళ్ళ మీద కూలి నుదురు నేలకి ఆనించాడు. ముసలావిడ అతని ముందు చతికిలబడింది. ఆమెను పట్టుకునే నెపంతో ప్యో కూడా వంగాడు. ముగ్గురి తలలూ దగ్గరయ్యాయి.

"మావాడేడీ?" అంది ఆమె, పక్కవాళ్ళకి వినబడనంత మెల్లగా.

"సముద్రంలో, అమ్మా. పోయిన నెల. నా పక్కనుంచే పడ్డాడు."

ఆమె తల ఊపింది. "పోయిన నెలంటే నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి," అంది. తర్వాత ప్యో వైపు తిరిగింది. "ఈ అబ్బాయికి అమ్మ ఉందా?"

"ఉంది. అక్కడే."

ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. అక్కడినుంచి వచ్చిన మనిషి.

"అబ్బాయి మొహం పైకెత్తమనండి సార్, నేలని ఫోటో తీస్తే ఎవరు కొంటారు," అన్నాడు కెమెరావాడు. గిల్ తనే వచ్చి కుర్రాడి గడ్డం కింద చెయ్యి పెట్టబోయాడు. ఆ చేతిని ముసలావిడ తోసేసింది. కుర్రాడి తలని ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులతో అతని మొహమూ చెవులూ కప్పేసి, పైన తను వంగి, "ఇల్గ్యూ, ఒరే ఇల్గ్యూ" అంటూ ఏడుపు ఎత్తుకుంది. నటన కాదు. కొడుకు పోయాడని అప్పుడే తెలిసిన తల్లి ఏడుపది. దీపం భగ్గున వెలిగింది. వంటవాడు ముక్కు చీదుకున్నాడు. పత్రికలవాళ్ళలో పెద్దవాడు టోపీ తీశాడు.

మొహం పడలేదు.

"పర్వాలేదులే," అన్నాడు గిల్ ప్యో పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటూ. "నీ మాటే నెగ్గింది, మొహం పడలేదు. కావాలంటే దిగిన రోజు అమెరికన్లు రెక్క మీద నిలబెట్టి తీసిన ఫోటో ఉండనే ఉంది. నంబరుతో సహా ఎంత స్పష్టంగా వచ్చిందో. కరపత్రాల మీద అదే వేయించాం."

"ఏ కరపత్రాలు?"

"చెప్పలేదూ? ఇవాళ తెల్లారకముందే రెండు విమానాల నిండా వెళ్ళాయి. ఉత్తరాన సరిహద్దు యాలూ నది దాకా ఒక్క ఊరూ వదలొద్దన్నాను."

"మధ్యాహ్నం దాకా నాకు గడువిచ్చారు," అన్నాడు ప్యో. "గూఢచారని తేలి ఉంటే?"

"ఇంకో కరపత్రం వేసేవాళ్ళం. కాగితానికేం కరువా?" గిల్ అతని భుజం తట్టాడు. "మాట తప్పలేదు సుమా. పత్రికల్లో వెయ్యనన్నాను. ఆకాశంలోంచి వెయ్యనని ఎప్పుడన్నాను?"

ముసలావిడ ఇంకా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఏడుస్తూనే ఉంది. ఆమె చేతులు కుర్రాడి చెవుల మీదే ఉన్నాయి కాబట్టి అతనికి ఒక్క ముక్క వినబడలేదు. ఇక చెప్పాల్సింది ప్యో.

"ఇంకొక్కటి తీసుకుంటాను, కదలకండి," అన్నాడు కెమెరావాడు.